జబ్బుగా ఉన్నప్పుడు థైరాయిడ్ పరీక్ష: పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన సంగతులు

వరంగల్లు రహదారిపై ఉప్పల్ దాటిన పిదప పీర్జాదిగూడ వచ్చును. నిన్నమొన్నటివరకు ఇది గ్రామ పంచాయతీ; నేడు నగరములో కలిసిపోయినట్లే ఉన్నది. రహదారికి ఇరుప్రక్కల మందుల దుకాణములు, రక్తపరీక్షా కేంద్రములు వరుసగా వెలసినవి. ఘట్‌కేసర్, బీబీనగరు వైపు గ్రామములనుండి బస్సు దిగిన రైతుకు మొదట కనబడునవి వాని పలకలే. ఒక్కసారి రక్తమిచ్చినచో పదుల కొలది పరీక్షలు తగ్గింపు ధరకు చేయుదుమని ఆ పలకలపై వ్రాసియుండును. అట్టి ప్రతి జాబితాలోను థైరాయిడ్ పరీక్ష ఉండితీరును. ప్రభుత్వ పక్షమున కూడ 2018లో తెలంగాణ డయాగ్నొస్టిక్స్ పథకము ఆరంభమైన తరువాత, ఆరోగ్య కేంద్రములో తీసిన రక్తమును పెద్ద ప్రయోగశాలకు పంపి ఉచితముగ ఫలితము తెప్పించు ఏర్పాటు కలిగినది. పంచాయతీలు తామే పూనుకొని వైద్య శిబిరములు జరిపించుటయు కలదు.

ఇది మేలే. అయితే పరీక్ష పెరిగినంతగా, దాని ఫలితమును చదువవలసిన తీరును గూర్చిన తెలివిడి పెరుగలేదు. ఈ పాఠమున మేము చెప్పదలచినది ఒక్క సంగతి. మరొక జబ్బుతో పడియున్న మనిషికిగాని, కొన్ని మందులు వాడుచున్న మనిషికిగాని ఈ పరీక్ష చేయించినపుడు, కాగితముపై కనబడు అంకె ఆ జబ్బువలనను, ఆ మందువలనను మారియుండవచ్చును. గ్రంథి నిక్షేపముగ ఉండియు రోగమున్నట్లు తోచవచ్చును. నిజమైన రోగముండియు లేనట్లు తోచవచ్చును. శిబిరమునకు ఏర్పాట్లు చేయు పంచాయతీ సభ్యులు వైద్యులు కానక్కరలేదు. ఈ ఒక్క విషయము ఎరిగియుండిన చాలును.

గొంతువాపు నాటి రోజులు

థైరాయిడ్ వ్యాధి ఒకప్పుడు కంటికి కనబడునది. మెడ ముందు పెద్ద వాపు వచ్చెడిది. దీని నివారణకు పాటుపడినవారిలో మన తెలుగువారొకరు అగ్రగణ్యులు. 1921లో శ్రీకాకుళమున జన్మించి, విశాఖపట్టణములోని ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన డాక్టరు వులిమిరి రామలింగస్వామి గారు, 1956లో హిమాలయ ప్రాంతపు కాంగ్రా లోయలో సహచరులతో కలిసి అయోడిన్ చేర్చిన ఉప్పును ప్రజలకు అందించి పరిశోధన సాగించిరి. వాపు తగ్గుట తేటతెల్లమయ్యెను. 1962లో దేశమంతటికి గాయిటర్ నివారణ కార్యక్రమము ప్రారంభమైనది. నాచారమునకు చేరువనే, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ కలదు. 1958లో కూనూరునుండి హైదరాబాదునకు తరలివచ్చిన ఈ సంస్థయే ఇనుము, అయోడిన్ రెండును కలిసిన ఉప్పును రూపొందించినది.

ఆనాడు వాపును చూచి ఎవరైనను రోగిని గుర్తింపగలిగెడివారు. నేడు అత్యధికుల విషయమున మెడ మామూలుగనే ఉండును. వ్యాధి ఉన్నదో లేదో కాగితము మీది అంకెయే చెప్పవలెను. కాబట్టి ఆ అంకె ఎట్లు పుట్టునో కొంత తెలియవలసియున్నది.

చెరువు, తూము, నీరడి

కంఠమునకు ముందువైపున, సీతాకోకచిలుక రెక్కలు చాచినట్లుండు చిన్న గ్రంథి థైరాయిడ్. మనవారు "ఆమెకు థైరాయిడ్ వచ్చినది" అందురు. అది వచ్చునది కాదు. అందరికిని పుట్టుకతోనే ఉన్నది. వచ్చునది దాని జబ్బు. ఆహారములోను ఉప్పులోను గల అయోడిన్‌ను గ్రహించి ఈ గ్రంథి థైరాక్సిన్ అను హార్మోనును తయారుచేయును. దీనికే టి-4 అని పేరు. శరీరమున నిజముగ పనిచేయునది టి-3 అను మరొక రూపము. గ్రంథి దానిని కొద్దిగ మాత్రమే చేయును. అధికభాగము కాలేయము మొదలగు అవయవములలో టి-4 నుండి తయారగును. మెదడు అడుగున శనగగింజంత పిట్యూటరీ గ్రంథి ఒకటి కలదు. అది టి.ఎస్.హెచ్. అను హార్మోనును పంపి థైరాయిడ్ గ్రంథిచేత పని చేయించుచుండును.

చెరువు క్రింద సేద్యము చేసినవారికి ఇది అర్థమగుట కష్టము కాదు. థైరాయిడ్ గ్రంథి చెరువు. టి-4 కాలువలో పారు నీరు. టి-3 మడిలోనికి ఎక్కిన నీరు. పిట్యూటరీ నీరడి. కాలువలో నీరు తగ్గినచో నీరడి తూమును పైకెత్తును, ఎక్కువైనచో దించును. టి.ఎస్.హెచ్. అంకె నీరడి తూమును ఎంత ఎత్తెనో చెప్పునదే గాని, చెరువులో నీరెంత యున్నదో నేరుగ చెప్పునది కాదు. మామూలు రోజులలో మొదటిదానినిబట్టి రెండవదానిని ఊహింపవచ్చును. చెరువు ఎండినచో నీరడి తూమును పూర్తిగ ఎత్తును: టి.ఎస్.హెచ్. పెరుగును, టి-4 తగ్గును. చెరువు పొర్లిపారునపుడు తూము మూసినను నీరు ఆగదు: టి.ఎస్.హెచ్. అడుగంటును, టి-4 పెరుగును. ఆరోగ్యవంతులైన పెద్దవారిలో టి.ఎస్.హెచ్. సుమారు 0.4 నుండి 4 యూనిట్లవరకు ఉండును. ప్రయోగశాలనుబట్టి ఈ హద్దులు కొంచెము మారును.

రోగములో శరీరము చేయు పొదుపు

న్యుమోనియా, గుండెపోటు, పెద్ద శస్త్రచికిత్స, తీవ్రమైన కాలిన గాయములు, కిడ్నీ లేక కాలేయ వ్యాధి, చివరకు కొన్ని దినముల పస్తు — ఇందేది సంభవించినను శరీరము ఇంధనమును పొదుపు చేయనారంభించును. కరవులో రైతులు మడులకు నీరు తగ్గించినట్లు, అవయవములు టి-4ను టి-3గా మార్చుట తగ్గించి, పనికిరాని మరొక రూపముగ మార్చివేయును. అందుచేత మొట్టమొదట పడిపోవునది టి-3. వ్యాధి మిక్కిలి తీవ్రమైనచో టి-4 కూడ తగ్గును. మామూలుగ నీరడి అప్పుడు తూమును ఎత్తవలెను గదా! ఎత్తడు. అతడును కరవు కట్టుబాటునకు లోబడి ఊరకుండును. అందువలన టి.ఎస్.హెచ్. మామూలుగనో, కొంచెము తక్కువగనో ఉండిపోవును.

ఇట్టి రోగి రక్తమును పరీక్షించినచో మూడు అంకెలును అస్తవ్యస్తముగ కనబడును. గ్రంథికి మాత్రము ఏమియు కాలేదు. అసలు జబ్బు నయమైనపుడు ఇవి తమంతట సర్దుకొనును. ఇట్టి స్థితిలో థైరాక్సిన్ మాత్రలిచ్చుటవలన ప్రయోజనము ఉన్నట్లు రుజువు కాలేదు.

పంచాయతీ సభ్యులు విశేషముగ గమనింపవలసినది దీని తరువాతి ఘట్టమును. రోగి కోలుకొనుచున్నపుడు కరవు ముగిసిన చెరువు క్రింద జరుగునదే జరుగును. నీరడి ఒక్కసారిగ తూమును పైకెత్తును. టి.ఎస్.హెచ్. హద్దు దాటి పెరుగును. 10కి, ఒక్కొక్కప్పుడు 20కి దగ్గరగ కూడ పోవును. కొద్ది వారములలో దిగివచ్చును. ఈ ఘట్టమున రోగి ఆసుపత్రిలో ఉండడు. ఇంటిలో, ఊరిలో ఉండును. సరిగా అప్పుడే ఊరిలో శిబిరము పెట్టినచో?

అరువది యేండ్లు దాటిన ఒక రైతును ఊహించుకొందము. న్యుమోనియాతో పది దినములు పట్టణపు ఆసుపత్రిలో ఉండి ఇంటికి వచ్చెను. పదునైదు దినములకు పంచాయతీ కార్యాలయము ముందు శిబిరము. నీరసముగ ఉన్నదని కోడలు తోడుకొని వచ్చినది. టి.ఎస్.హెచ్. 11. నీరసము, మలబద్ధము, చలి అనిపించుట — థైరాయిడ్ లోపమున కనబడు లక్షణములే ఇవి. పెద్ద జబ్బునుండి లేచినవానికిని ఉండునవే. శిబిరములో వైద్యునికి ఒక్కొక్కరికి దొరకు సమయము రెండు మూడు నిమిషములు. ఆసుపత్రి సంగతి ఎవరును చెప్పలేదు, ఎవరును అడుగలేదు. మాత్ర వ్రాయబడెను. "ఇది జీవితాంతము వాడవలెను" అని మందుల దుకాణమువారు చెప్పిరి. రైతు వాడుచున్నాడు. అతని గ్రంథి ఎప్పుడో సర్దుకొన్నది. ఇప్పుడు మాత్ర అదనము. వృద్ధులలో థైరాక్సిన్ ఎక్కువైనచో గుండె లయ తప్పవచ్చును, ఎముకలు పలచబడవచ్చును. జారిపడి తుంటి విరిగిన నాడు దానికిని ఆ మాత్రకును ముడిపెట్టి చూచువారెవ్వరు?

ఇతనికి జరుగవలసినది చాల చిన్న పని. పూర్తిగ కోలుకొన్న పిదప, కనీసము ఆరు వారముల ఎడమిచ్చి, టి.ఎస్.హెచ్.తో పాటు టి-4ను కూడ మరల పరీక్షింపవలెను. అప్పుడును టి.ఎస్.హెచ్. ఎక్కువగనే ఉన్నచో అది గ్రంథి లోపమని వైద్యులు నిర్ణయింతురు. ఆరు వారములని చెప్పుటకు హేతువు కలదు. టి-4 రక్తములో సగమునకు తగ్గుటకే సుమారు ఏడు దినములు పట్టును; నీరడి తన పట్టును సవరించుకొనుటకు అందుకు కొన్ని రెట్లు కాలము కావలెను. మాత్ర మోతాదు మార్చినపుడు కూడ ఇదే గడువు వర్తించును.

జబ్బులో ఉన్నవారికి ఈ పరీక్ష ఎన్నటికిని కూడదని దీని తాత్పర్యము కాదు. గుండె హఠాత్తుగ లయ తప్పినపుడు, కారణము తెలియని గుండె బలహీనతలో, ఒళ్లు చల్లబడి మత్తుగ పడియున్న వృద్ధునిలో వెంటనే చేయవలసినదే. టి.ఎస్.హెచ్. 20కి మించి టి-4 తగ్గియున్నను, లేక టి.ఎస్.హెచ్. దాదాపు కనబడనంతగ పడిపోయి టి-4 పెరిగియున్నను దానిని జ్వరపు ప్రభావమని తీసివేయరాదు. అనుమానము లేకయే, ఏదో చవకగ వచ్చుచున్నదని, మంచము మీది రోగికి చేయించు పరీక్షను గూర్చియే మా అభ్యంతరము.

మందుల సంగతి

మందులు మూడు విధముల చిక్కు తెచ్చును. కొన్ని నిజముగనే గ్రంథిని దెబ్బతీయును. కొన్ని, గ్రంథి బాగుగనున్నను అంకెలను మార్చును. ఇంక కొన్ని థైరాక్సిన్ మాత్రను ఒంటికి పట్టనీయవు.

మొదటి తెగలో ముఖ్యమైనది గుండె లయకు వాడు అమియోడరోన్. దీని 200 మిల్లీగ్రాముల మాత్రలో సుమారు 75 మిల్లీగ్రాముల అయోడిన్ కలదు. మనిషికి దినమునకు కావలసిన అయోడిన్ 150 మైక్రోగ్రాములు, అనగా మిల్లీగ్రాములో ఆరవ వంతుకన్న తక్కువ. ఇంత వరదకు గ్రంథి కొందరిలో మందగించును, కొందరిలో చెలరేగును. మానసిక వ్యాధికి వాడు లిథియము గ్రంథినుండి హార్మోను విడుదలను అడ్డగించును. ఈ రెండు మందులు వాడువారికి మొదలుపెట్టకముందు ఒకసారి, తరువాత సుమారు ఆరు నెలలకొకసారి పరీక్ష అవసరము. మందులకు లొంగని క్షయకు ఇచ్చు ఇథియోనమైడ్, కాన్సరునకు నేడు వాడు కొన్ని రోగనిరోధక చికిత్సలు కూడ గ్రంథిని దెబ్బతీయగలవు. సి.టి. స్కాన్ సమయమున నరములోనికి ఎక్కించు రంగుమందులో అయోడిన్ అధికముగ ఉండును. దాని ప్రభావము కొన్ని వారములు ఉండవచ్చును.

రెండవ తెగకు చెందినవానిలో మూర్ఛకు వాడు ఫెనిటాయిన్, కార్బమజెపిన్ టి-4 అంకెను తగ్గించి చూపును. గర్భనిరోధక మాత్రలు మొత్తము టి-4ను పెంచి చూపును. కనుక వారికి స్వేచ్ఛాయుత టి-4ను కొలువవలెను. స్టెరాయిడ్లు ఎక్కువ మోతాదులో టి.ఎస్.హెచ్.ను అణచును. ఈ స్టెరాయిడ్ల విషయము గ్రామములలో సున్నితమైనది. కీళ్లనొప్పులకు, ఉబ్బసమునకు పేరులేని పొట్లములు, సూదులు ఇచ్చువారు ఇప్పటికిని ఉన్నారు. వానిలో స్టెరాయిడ్ ఉన్నదని తీసికొనువారికి తెలియదు. "మందులేమైన వాడుచున్నావా?" అని అడిగినచో "లేదయ్యా" అనియే జవాబు వచ్చును, పొట్లము వారి దృష్టిలో మందు కాదు. కావున పొట్లము సంగతి పేరుపెట్టి అడుగవలెను. నిందింపక అడుగుట మంచిది, నిందించినచో చెప్పరు.

బయోటిన్ అను విటమినుది మరొక చిత్రమైన కథ. జుట్టు రాలకుండుటకని దీనిని యువతీయువకులు విరివిగ వాడుచున్నారు. మనిషికి దినమునకు కావలసినది 30 లేక 40 మైక్రోగ్రాములు. దుకాణములోని మాత్రలో 5 లేక 10 మిల్లీగ్రాములుండును, అనగా నూరు రెట్లకు పైమాట. ఇది గ్రంథిని ఏమియు చేయదు. మోసపోవునది యంత్రము. అనేక ప్రయోగశాలల పరీక్షాపద్ధతులలో బయోటిన్‌నే ఒక జిగురువలె ఉపయోగింతురు. రక్తములోనే బయోటిన్ నిండియున్నచో ఆ జిగురు సరిగ అంటదు, టి.ఎస్.హెచ్. అబద్ధముగ తక్కువగను, టి-4, టి-3 అబద్ధముగ ఎక్కువగను వచ్చును. థైరాయిడ్ విపరీతముగ పనిచేయు రోగమునకు అచ్చముగ ఇదే రూపము. నిక్షేపముగనున్న పిల్లకు గ్రంథిని అణచు మందులు మొదలుపెట్టు ప్రమాదము కలదు. 2017లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ బయోటిన్‌ను గూర్చి వైద్యులకును ప్రయోగశాలలకును హెచ్చరిక చేసినది. పరీక్షకు కనీసము రెండు దినముల ముందు ఆ మాత్రలు ఆపవలెను. మోతాదు మిక్కిలి పెద్దదైనచో ఇంకను ముందే ఆపవలసియుండును.

ఇక మూడవ తెగ. గ్రామములలో అత్యధికముగ ఎదురగునది ఇదియే. ఏమన, ఇది గర్భిణీ స్త్రీలకు సంబంధించినది. థైరాయిడ్ లోపముగల స్త్రీ గర్భవతియైనపుడు ఆమెకు థైరాక్సిన్ మునుపటికన్న ఎక్కువ కావలెను. మొదటి నెలలలో బిడ్డ మెదడు ఎదుగుదలకు తల్లి హార్మోనే ఆధారము. గర్భకాలమున ఆశా కార్యకర్త ఇనుము మాత్రలు, కాల్షియము మాత్రలు తెచ్చి ఇచ్చును. అవియు అత్యవసరములే. చిక్కెక్కడనగా, అన్నియు మంచివే గదా అని ఆమె ఉదయమున ఒకే గుక్కలో మ్రింగును. ఇనుము, కాల్షియము కడుపులోనే థైరాక్సిన్‌ను పట్టివేసి రక్తములోనికి పోనీయవు. పరీక్షలో టి.ఎస్.హెచ్. పెరిగి కనబడును. మోతాదు పెంచుదురు. మరల పెరుగును. ఇంటిలో "మాత్ర సరిగ వేసికొనుట లేదు" అని ఆమెపై నింద. ఆమె ఒక్క దినము కూడ తప్పలేదు!

దీనికి పైసా ఖర్చులేని ఉపాయము కలదు. థైరాక్సిన్ మాత్రను తెల్లవారగనే పరగడుపున మంచినీటితో వేసికొని, టీకిగాని టిఫిన్‌కుగాని అరగంటనుండి గంట ఆగవలెను. ఇనుమునకును కాల్షియమునకును దీనినుండి కనీసము నాలుగు గంటల ఎడము ఉండవలెను. మధ్యాహ్నము ఒకటి, రాత్రి ఒకటి అని పెట్టుకొన్న సరిపోవును. కడుపుమంటకు వాడు కొన్ని మందులకును ఈ ఎడము వర్తించును. క్షయకు వాడు రిఫాంపిసిన్ సంగతి వేరు: అది థైరాక్సిన్‌ను శరీరములో త్వరగ ఖర్చుపెట్టించును కనుక, రెండును వాడువారికి మోతాదు పెంచవలసి రావచ్చును, క్షయ చికిత్స ముగిసిన తరువాత మరల తగ్గించుటయు మరువరాదు.

ఈ వ్యాసము చదివి ఎవరును తమ మాత్రను తామే మానరాదు. థైరాయిడ్ లోపము నిజముగ ఉన్నవారికి ఆ మాత్ర అన్నము వంటిది. అమియోడరోన్ వంటి మందును తామే మానుట ప్రాణాంతకము కావచ్చును. సందేహము కలిగినచో చీటీలన్నియు తీసికొని వైద్యుని కడకు పోవలెను.

శిబిరమునాడు చేయవలసిన పని

మేము చూచిన శిబిరములలో పేరు, వయస్సు, ఫోను అంకె శ్రద్ధగ వ్రాసికొందురు. మందుల సంగతి వ్రాయు గడి తరచుగ ఉండదు. గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార సమితిలో పంచాయతీకి పాత్ర కలదు గనుక, ఆ గడిని చేర్పించుట సభ్యుల చేతిలోని పనియే. రక్తము తీయకముందు, చదువు వచ్చిన ఒక యువకునిగాని యువతినిగాని కూర్చుండబెట్టి, గడచిన రెండు నెలలలో పెద్ద జబ్బు, ఆసుపత్రి, శస్త్రచికిత్స, స్కాన్ ఏమైన జరిగినదా అని అడిగింపుడు. గర్భమున్నదా అని అడుగు పనిని ఆశా కార్యకర్తకు అప్పగింపుడు. మాత్రలు, సూదులు, పొట్లములు, జుట్టు మందులు, బలపు మాత్రలు — ఒక్కొక్కటిగ పేరుపెట్టి అడిగి అన్నిటిని చీటీ పైభాగమున వ్రాయింపుడు. పేర్లు తెలియనివారు ఖాళీ అట్టలు తెచ్చిన చాలునని ముందునాడే దండోరా వేయింపుడు. థైరాక్సిన్ వాడువారు ఆనాటి మాత్రను రక్తమిచ్చిన తరువాత వేసికొనుట మంచిదనియు అందులోనే చెప్పింపుడు. మాత్ర వేసికొన్న కొన్ని గంటలవరకు టి-4 కొంచెము హెచ్చుగ కనబడును.

నాచారము ఈ.ఎస్.ఐ. ఆసుపత్రినుండిగాని, బీబీనగరు ఎయిమ్స్‌నుండిగాని, మరెచ్చటనుండిగాని ఇంటికి వచ్చువారికి ఇచ్చు విడుదల పత్రమును మనవారు దూలములో చెక్కి మరచిపోవుదురు. ఈ విషయమున ఆ కాగితమునకున్న విలువ రక్తపరీక్ష కాగితమునకు లేదు. దానిని శిబిరమునకు తప్పక తెప్పింపుడు. ఆసుపత్రినుండి వచ్చి ఆరు వారములు కానివారికి, వైద్యుడు ప్రత్యేకముగ కోరిననే తప్ప, థైరాయిడ్ పరీక్షను వాయిదా వేయుట ఉచితము.

వాయిదా వేసినవారిని మరచిపోయినచో మాత్రము అది మరొక అన్యాయమగును. వారిలో కొందరికి నిజమైన వ్యాధి ఉండవచ్చును. అందుచేత శిబిరమునకు తేదీ నిర్ణయించు సమావేశముననే ఆరు వారముల తరువాతి మరొక తేదీని కూడ నిర్ణయించి, వాయిదా పడినవారి పేర్లను, ఫలితము సందేహాస్పదముగ వచ్చినవారి పేర్లను ఆశా కార్యకర్త పుస్తకములో వ్రాయింపుడు. పేర్లు ఆ పుస్తకములోనే ఉండవలెను. పంచాయతీ కార్యాలయపు నోటీసు బోర్డు మీద తేదీ మాత్రము వ్రాయుడు.